నిదానం చెప్పిన మాట

పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకు పెద్దరికం నేర్పడం ఆమె వృత్తి. డైరెక్టర్లను, మేనేజర్లను, వాళ్ళ కింద పనిచేసేవాళ్ళను ఒక హాల్లో కూర్చోబెట్టి రెండు రోజులు పాఠం చెప్పేది. కిందివాడి మాట ఎలా వినాలి, తప్పు జరిగితే ఇంకొకరి మీదికి తోసెయ్యకుండా ఎలా నిలబడాలి, భయపడి నోరు మూసుకున్నవాళ్ళ చేత ఎలా మాట్లాడించాలి, ఇవీ ఆ పాఠాలు. అత్తగారు ఆమెకు పాఠాలమ్మ అని పేరు పెట్టింది. "లోకానికంతా పెద్దరికం నేర్పుతుంది గానీ, కుళాయి బాగుచెయ్యడానికొచ్చినవాడికి ఒక్క మాట గట్టిగా చెప్పలేదు మా పాఠాలమ్మ" అని నవ్వేది. భర్త పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో మిగిలింది ఆ అత్తాకోడళ్ళిద్దరే.

పాఠాలమ్మకు పేరు తెచ్చింది ఒక కథ. మొదటి రోజు భోజనాలయ్యాక, అందరికీ కళ్ళు మూతలు పడే వేళ, ప్రొజెక్టర్ ఆపేసి ఆ కథ చెప్పేది. ఒకప్పుడు తను కాగితం మిల్లులో షిఫ్టు మేనేజరుగా ఉండేది. అక్కడ తను చేసిన తప్పు వల్ల ఒక ఫిట్టర్ ప్రాణం పోయింది. అది విన్నాక ఎంతటి మొండిఘటమైనా కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సిందే. "ఆ కథ ఉంటుందిగా?" అని అడిగి మరీ కంపెనీలు ఆమెను పిలిచేవి.

ఆమె ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. హాల్లో జనం గొల్లున నవ్వినప్పుడల్లా ఆమె తలలు లెక్కపెట్టేది. జాబితాలో ఇరవైమంది ఉంటే ఇరవైఒక్కరు తేలేవారు. వెనక వరుసలో ఒకడు నవ్వకుండా కూర్చున్నట్టుండేది. తల తిప్పి సూటిగా చూస్తే ఉండడు. నవ్వులు సద్దుమణిగాక లెక్క మళ్ళీ సరిపోయేది. మొదట్లో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన కొత్త అద్దాలు రాసిచ్చాడు. కొత్త అద్దాల్లో ఆ మనిషి ఇంకాస్త స్పష్టంగా కనిపించాడు.

అలా పదకొండేళ్ళు గడిచాయి.

ఆ సారి ఆమెను పిలిచింది ప్లాస్టిక్ బకెట్లు, డబ్బాలు తయారుచేసే ఒక కంపెనీ. హాలు సరిగ్గా గోడౌను మీద ఉంది. కింద సరుకు మోసే బండి తిరిగినప్పుడల్లా పాదాల కింద నేల సన్నగా అదిరేది. తన మేనేజర్లు అన్నిటికీ తలూపుతారని, ఒక్కరూ ఎదురు చెప్పరని డైరెక్టరు గారి ఫిర్యాదు. ఆయన సరదా మనిషి. ప్రతి మాటకూ ఒక చమత్కారం జేబులో పెట్టుకుని తిరిగే రకం.

పొద్దుటి పాఠంలో పాఠాలమ్మ అందరినీ ఒక ప్రశ్న అడిగింది. "మీ పనిచోట మీ మనసుకి నచ్చనిది, మిమ్మల్ని కలవరపెట్టేది ఏదైనా ఒక్కటి చెప్పండి."

ఎవరూ పెదవి కదపలేదు. చివరికి గోడౌను చూసుకునే స్టోర్సు ఇన్‌చార్జి లేచింది. నలభై ఏళ్ళు దాటిన మనిషి, మాట చాలా చిన్నది. "మూడో వరుసలో ర్యాకు కాస్త ఒరిగినట్టుంది సార్. రెండు వారాలుగా చెబుతూనే ఉన్నాను."

డైరెక్టరు గారు కుర్చీలో వెనక్కి వాలాడు. "ర్యాకు ఒరగలేదమ్మా. పొద్దున్నుంచీ నిద్రకి నువ్వే ఒరుగుతున్నావు!"

హాలంతా గొల్లుమంది. ఆమె కూడా మొహమాటంగా నవ్వి కూర్చుంది. పాఠాలమ్మ పెదవులు కూడా వాటంతటవే విచ్చుకున్నాయి. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. ఇరవైఒకటి. వెనక వరుసలో ఒకడు నవ్వడం లేదు. ఎప్పటిలాగే తల తిప్పి సూటిగా చూసింది.

అతను మాయం కాలేదు.

నెరిసిన జుట్టు, బిగుసుకుపోయిన దవడలు. ఆమెనే చూస్తూ తల ఒక్కసారి ఆడించాడు. ఆమె చేతిలో ఉన్న బోర్డు మీద రాసే పెన్ను కింద పడి దొర్లింది. ముందు వరుసలో ఎవరో తీసి ఇచ్చారు. తర్వాత భోజనాల దాకా తను ఏం చెప్పిందో ఆమెకు గుర్తులేదు.

భోజనాలయ్యాక కథ చెప్పాల్సి వచ్చింది. చెప్పింది. ఎన్నో హాళ్ళలో చెప్పిన కథ కదా, నోరు దానంతటదే చెప్పుకుపోయింది. మిల్లులో గుజ్జు నిలవచేసే గొయ్యి ఒకటుంది. అడుగున పంపు ఇరుక్కుపోయింది. దాన్ని విడిపించడానికి ఫిట్టర్ దిగాలి. అతను ప్రతి పనికీ "నిదానం, నిదానం" అనేవాడు. అందుకని అందరూ అతన్ని నిదానం అనే పిలిచేవారు. ఆ పొద్దున మీటింగులో నిదానం ఏదో చెప్పాలని చెయ్యెత్తాడు. ఆమె గడియారం చూసుకుంది. "తర్వాత మాట్లాడదాం" అంది. ఇక్కడ పాఠాలమ్మ ఆగేది. గోడ గడియారం చప్పుడు అందరికీ వినిపించేదాకా ఆగేది. అప్పుడు మెల్లిగా, "గోతిలో విషవాయువు ఉంది. ఆ మాట చెప్పడానికే అతను చెయ్యెత్తాడు. నేను వినలేదు" అనేది.

ఆ రోజూ హాలు నిశ్శబ్దమైపోయింది. డైరెక్టరు గారు కూడా గొంతు సవరించుకున్నాడు. టీ తాగడానికి అందరూ బయటికి నడిచారు.

వరండా చివర, మెట్ల దగ్గర, ఆ నెరిసిన జుట్టు మనిషి ఆమె కోసం నిలబడి ఉన్నాడు.

"నన్ను గుర్తుపట్టలేదా మేడమ్? పకపకని."

పకపక! మిల్లులో మెషీను సూపర్‌వైజరు. ఎక్కడ ఎవరు జోకు వేసినా అందరికన్నా ముందు పకపకా నవ్వేది అతనే. ఆ పేరు అలా వచ్చిందే. గుర్తుపట్టకపోవడంలో వింత లేదు. నవ్వని ఆ మొహాన్ని ఆమె ఎన్నడూ చూసి ఎరగదు.

"ఇక్కడ ప్రొడక్షన్ మేనేజరుగా చేరి రెండు నెలలయింది. జాబితా అంతకుముందే మీకు పంపేశారట. అందుకే నా పేరు లేదు," అన్నాడు. "కథ బాగా చెప్పారు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగారు" అన్నాడు.

"కానీ మేడమ్, నిదానం అన్న చెయ్యెత్తలేదు కదా. మీరు గడియారం చూసుకోలేదు కదా. ఆయన చెప్పాడు. మీరు విన్నారు. అక్కడున్న ఎనిమిదిమందిమీ విన్నాం."

జరిగింది ఇదీ. నిదానం లేచి నిలబడి టోపీ చేతిలో పట్టుకుని చెప్పాడు. "మేడమ్, గోతి దగ్గర రోజూ కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది. ఇవాళ అస్సలు రావట్లేదు. అదే నాకు భయంగా ఉంది. గ్యాసు మరీ ఎక్కువైతే ముక్కు చచ్చిపోతుందంటారు. గ్యాసు కొలిచే మీటరు రిపేరు నుంచి వచ్చేదాకా ఆగుదాం." ఒక్కో ముక్కా నింపాదిగా, అర్థమయ్యేట్టు చెప్పాడు. ఆమెకు అప్పటికి ముప్పై ఏడేళ్ళు. ఆ మిల్లులో మేనేజరైన మొదటి ఆడమనిషి. మెషీను ఆగి రెండు గంటలైంది. మగవాళ్ళ మధ్య పట్టు నిలుపుకోవాలంటే చమత్కారమే ఆయుధమని ఆమె అప్పుడే కొత్తగా కనిపెట్టింది. "వాసన వస్తే వస్తోందంటావు, రాకపోతే రావట్లేదంటావు. నీ ముక్కుకి కూడా సెలవు కావాలేమో!" అంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. పకపక అయితే బల్ల మీద చరిచి మరీ నవ్వాడు. నిదానం టోపీ పెట్టుకుని వెళ్ళాడు. పావుగంటకి గోతిలోంచి పైకి తీసేసరికి ప్రాణం లేదు.

విచారణ జరిగినప్పుడు ఆమె, "అతను మాకేమీ చెప్పలేదు. అనుమతి లేకుండా తనే దిగాడు" అంది. పకపక కూడా అదే అన్నాడు. మిగతావాళ్ళు తలలు వంచుకుని వాళ్ళ వెనకే నడిచారు. కాగితం మీద "స్వంత నిర్లక్ష్యం" అని పడింది.

"మీ కథలో మీరు తప్పు ఒప్పుకుంటారు, కాదనను," అన్నాడు పకపక. "కానీ చేతికి మసి అంటీ అంటనట్టు. వినలేదంటే పొరపాటు. విని ఎగతాళి చేశామంటే ఏమంటారు దాన్ని? మిమ్మల్ని మీరు సగం దాచుకున్నారు. నన్నయితే మొత్తానికే తీసేశారు. ఆ నవ్వే లేదు మీ కథలో. పద్నాలుగేళ్ళుగా నేను మోస్తున్నది ఆ నవ్వే మేడమ్. అది జరగనే లేదంటే మరి నేను మోస్తున్నదేంటి?"

అతని గొంతులో కోపం లేదు. అందుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

"మా అమ్మాయి పెళ్ళిలో ఫొటోలు తీసేవాణ్ణి అది తిట్టిపోసింది, నాన్నని ఒక్క ఫొటోలో కూడా నవ్వించలేకపోయావని. ఏం చెప్పను దానికి? నోరు తెరిస్తే బల్ల చప్పుడు వినిపిస్తుంది."

"నాకు కనిపిస్తాడు," అంది ఆమె. ఆ మాట బయటికి అనడం అదే మొదలు.

"ఎక్కడ?"

"వెనక వరుసలో. ఎవరైనా నవ్వినప్పుడు."

పకపక మెల్లిగా మెడ తిప్పి, తలుపులు బార్లా తెరిచి ఉన్న ఖాళీ హాలు వైపు చూశాడు. టీ చల్లారిపోయింది.

సాయంత్రం పాఠం "నమ్మకం పెంచుకోవడం" గురించి. అందరూ వచ్చి కూర్చున్నాక పాఠాలమ్మ ప్రొజెక్టర్ వెయ్యలేదు. బోర్డు దగ్గరికి వెళ్ళలేదు. కుర్చీ ఒకటి లాక్కుని కూర్చుని, "మధ్యాహ్నం మీకు చెప్పింది అబద్ధం," అంది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కడా ఆగలేదు, ఆగడం చేతకాలేదు. తను వేసిన జోకు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. అది చెప్పగానే అలవాటు కొద్దీ ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు గొంతులోనే చచ్చింది. పకపక వెనక నుంచి లేచి, "అప్పుడు బల్ల చరిచి నవ్వింది నేను" అని చెప్పి కూర్చున్నాడు.

ఈసారి ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి కూడా జంకారు.

డైరెక్టరు గారికి ఒళ్ళు మండింది. "మేడమ్, మిమ్మల్ని పిలిచింది మాకు నేర్పడానికి. మీ పాపాలు కడుక్కోవడానికి మా హాలే దొరికిందా?"

"మీరన్నది నిజమే," అంది ఆమె.

అప్పుడు స్టోర్సు ఇన్‌చార్జి లేచింది. "సార్, కిందికి రండి. ర్యాకు చూద్దాం."

డైరెక్టరు గారి నోటి చివర ఏదో చమత్కారం ఉబికింది. అది అందరూ చూశారు. ఆయన చుట్టూ చూశాడు. నవ్వడానికి సిద్ధంగా ఒక్క మొహం లేదు. చొక్కా సవరించుకుని లేచి ఆమె వెనకాల మెట్లు దిగాడు. తాడుకి బోల్టు కట్టి వేలాడదీస్తే ర్యాకు నాలుగు వేళ్ళ మందాన ఒరిగి ఉంది. అడుగున రెండు బోల్టులు ఎప్పుడో తెగిపోయాయి. ఆ వరుసలోకి ఎవరినీ పోనివ్వకుండా తాడు కట్టి, పై అరల్లో సరుకు దింపించే పని మొదలైంది. రెండో రోజు పాఠానికి రావక్కర్లేదని మాత్రం ఆయన గుమస్తా చేత పాఠాలమ్మకు కబురు పెట్టాడు.

ఇంటికి వెళ్ళేసరికి అత్తగారు వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. పాఠాలమ్మ గుమ్మంలోనే నిలబడి మొత్తం చెప్పింది. ముసలావిడకు సరిగ్గా వినపడదు గానీ ఆ రోజు ఒక్క మాటా మళ్ళీ చెప్పమనలేదు. అంతా విని గిన్నె బోర్లించి అడిగింది.

"అతని పెళ్ళానికి తెలుసా ఇది?"

"తెలీదు."

"మరి నాకెందుకమ్మాయ్ చెబుతున్నావు?"

ఆదివారం పొద్దున పాఠాలమ్మ, పకపక కలిసి వెళ్ళారు. నిదానం భార్య ఒక ఇరుకు సందులో బట్టలు కుట్టే దుకాణం నడుపుతోంది. గోడకి వరసగా స్కూలు యూనిఫారాలు వేలాడుతున్నాయి. ఆమె వాళ్ళను గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కుట్టుమిషను ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"వదినా," అన్నాడు పకపక.

మిగతాది పాఠాలమ్మే చెప్పింది. నిదానం తనంతట తను దిగలేదని, ప్రమాదముందని ముందే చెప్పాడని, విచారణలో తాము అబద్ధమాడామని.

ఆవిడ ఏడవలేదు. "ఇంట్లో పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా కదలకుండా నిలబడే మనిషి," అంది. "అలాంటోడివి అక్కడికెళ్ళి ఎందుకంత తొందరపడ్డావని పద్నాలుగేళ్ళు ఫొటోని తిట్టాను. మా అబ్బాయైతే తండ్రి పేరెత్తితే లేచిపోతాడు. మమ్మల్ని ఖాతరు చెయ్యకుండా చచ్చాడు అంటాడు." తల పైకెత్తింది. "ఏం చెప్పాడు? సరిగ్గా ఏం చెప్పాడో అది చెప్పండి. మీ మాటల్లో వద్దు."

పకపక చెప్పాడు. వాసన సంగతి, ముక్కు చచ్చిపోవడం సంగతి, మీటరు సంగతి. నిదానం ఎలా ఆగి ఆగి మాట్లాడేవాడో అలాగే చెప్పాడు. ఆవిడ రెండోసారి చెప్పించుకుంది.

"దానికి మీరేమన్నారు?"

ఆ జోకు పాఠాలమ్మ ఆ గదిలో, ఆ మనిషి ముందు చెప్పాల్సి వచ్చింది. చెప్పింది.

"అప్పుడాయనేం చేశాడు?"

"నవ్వాడు వదినా," అన్నాడు పకపక. "చిన్నగా."

"ఊఁ. సిగ్గేస్తే అలా నవ్వేవాడు."

సందులో ఎవరో సైకిల్ స్టాండు వేశారు. మళ్ళీ తీశారు. పాఠాలమ్మ ఏదో అనబోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "క్షమించమనడానికైతే నోరు తెరవకండి. నా దగ్గర లేదు. లేనిది ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను?" కొలతలు రాసుకునే పుస్తకం తీసి, ఖాళీ పేజీ చూసి వాళ్ళ ముందుకు తోసింది. "ఆయన అన్నదంతా రాసి సంతకాలు పెట్టండి. మా అబ్బాయికి చూపించాలి."

ఇద్దరూ రాశారు. కుడి పక్క పేజీలో ఎవరిదో నడుము కొలత, చేతుల పొడవు ఉన్నాయి. ఎడమ పక్కన నిదానం చివరి మాటలు. ఆవిడ ఆ పేజీని చింపలేదు, పుస్తకం అలాగే మూసి పెట్టుకుంది.

ఆ వారమే పాఠాలమ్మ మిల్లుకి, ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ఆఫీసుకి ఉత్తరాలు రాసింది. పకపక మరో ఉత్తరం రాశాడు. ఇద్దరినీ నాలుగుసార్లు పిలిపించి ప్రశ్నించారు. అబద్ధపు వాంగ్మూలం ఇచ్చినందుకు కేసు పెట్టారు. అది ఇంకా నడుస్తూనే ఉంది. వార్త పాకాక పెద్ద కంపెనీలు ఆమెను పిలవడం మానేశాయి. ఎప్పుడైనా ఒక చిన్న వర్క్‌షాపువాళ్ళు, ఒక ఆస్పత్రి నర్సులు పిలిస్తే వెళ్ళి వచ్చేది. అక్కడ ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. నిదానం వెనక వరుసలో కనిపించడం మానలేదు. మానాలని ఆమె కూడా ఇప్పుడు కోరుకోవడం లేదు. అద్దాలు తుడుచుకుని, అతను చూస్తుండగానే పని చేసుకునేది.

ఏడాది కావస్తుండగా తనిఖీ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. పాత నివేదికలో "స్వంత నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేసి, "పై అధికారికి ముందే తెలియజేశాడు" అని చేర్చారు. పాఠాలమ్మ ఆ కాగితం పట్టుకుని ఒంటరిగా దుకాణానికి వెళ్ళింది.

నిదానం భార్య కిటికీ తెరలు కుట్టించుకోవడానికొచ్చిన ఒకావిడతో మాట్లాడుతోంది. కళ్ళతోనే స్టూలు చూపించింది. పాఠాలమ్మ అరగంట పైగా కూర్చుంది. బేరం తేలాక ఆవిడ కాగితం అందుకుని, చదివి, మళ్ళీ చదివి, కత్తెరలు పెట్టే సొరుగులో పెట్టి మూసింది.

"ఎవరండీ ఈవిడ?" అంది తెరలావిడ.

"మా ఆయన పనిచేసిన మిల్లులో ఆయన పైన ఉండేవారు."

"అలాగా! పాపం ఆయన గురించి ఈ సందులో అందరూ ఏదో ఒకటి అనేవాళ్ళే గానీ తెలిసినవాళ్ళు లేరు. ఎలాంటి మనిషండీ?"

అడిగింది పాఠాలమ్మనే. మిషను చక్రం మీద చెయ్యి వేసిన నిదానం భార్య కూడా చెయ్యి తీసి, జవాబు కోసం చూస్తోంది.

"పనిలో నెమ్మది," అంది పాఠాలమ్మ. "పనిముట్లు తుడిచి గానీ ఇంటికి వెళ్ళేవాడు కాదు. మెట్లు దిగేటప్పుడు టోపీ వెనక్కి తిప్పుకునేవాడు." ఇంకా వెతుక్కుంది. ఆరేళ్ళు తన కింద పనిచేసిన మనిషి. అతనికి ఏం ఇష్టమో, ఎక్కణ్ణుంచి వచ్చేవాడో, ఎవరితో కూర్చుని అన్నం తినేవాడో ఆమెకు తెలియదు. మూడు మాటలకే అయిపోయింది.

"టోపీ అలా తిప్పుకునేది ఎందుకో తెలుసా?" అంది భార్య. "మా అబ్బాయి చిన్నప్పుడు..."

తెరలావిడ బట్టల మూట కింద పెట్టింది. పాఠాలమ్మ స్టూలు కాస్త ముందుకు జరుపుకుంది.